ఏడు ముప్పావు అంగుళాల తగాదా

మా ఆవిడ డాలస్ దగ్గర ఒక ఊళ్ళో బిల్డింగ్ పర్మిట్ల ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు తనిఖీ చేస్తుంది. మా తమ్ముడిది వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు జియోకాషింగ్. ఎవరో ఎక్కడో ఒక డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటిస్తారు. జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి, వెతికి పట్టుకుని, అందులోని చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాని ఉన్నచోటే పెట్టి వచ్చేయాలి. డబ్బాని కాష్ అంటారు. ఇప్పుడు వాడే ఒక కాష్ పెట్టబోతున్నాడు. అదీ ‘మిస్టరీ’ రకం, అంటే పైకి ఇచ్చిన అక్షాంశాలు ఉత్తుత్తివి, పొడుపుకథ విప్పితేగానీ అసలు చోటు తెలియదు. ఆ పొడుపుకథ నిండా ఇల్లు కట్టే నిబంధనలు కుక్కాడు. మురిసిపోతూ ఆ కాగితం తీసుకెళ్ళి వదిన చేతిలో పెట్టాడు. ఎర్ర పెన్నుతో బతికే మనిషికి కాగితం ఇస్తే ఏమవుతుందో వాడికి తెలిసుండాల్సింది. తర్వాత జరిగిన మాటలు ఇవి. నేను మధ్యలో నోరెత్తలేదు. ఒకరితో కలిసి పెరిగాను, ఇంకొకరితో కలిసి ఉండాలి.

మరిది: వదినా, చదివారా?

వదిన: చదివాను. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ‘మా ఇంటి మెట్టు ఎత్తెంతో కోడ్ చూసి చెప్పండి’ అని రాశావు. కోడ్ చూస్తే మీ ఇంటి మెట్టు ఎత్తు ఎలా తెలుస్తుంది నాయనా?

మరిది: 7¾ అంగుళాలు అని ఉందిగా? ఐఆర్‌సీ, ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్. పేజీ కూడా చూపిస్తాను.

వదిన: పేజీ నాకు చూపించకు. అంతకు మించకూడదని ఉంది, అంత ఉండాలని లేదు. 7 ఉన్నా పాసే, 6½ ఉన్నా పాసే. పాదం ఆనే చోటు 10 అంగుళాలకి తగ్గకూడదంది, 12 పెట్టుకుంటే ఎవరూ కాదనరు. హ్యాండ్‌రెయిల్ 34కీ 38కీ మధ్య ఎక్కడైనా బిగించుకోవచ్చు. ఆ పుస్తకంలో ఉన్నవి చాలావరకు హద్దులు. ఇల్లు కొలిస్తే అంకె వస్తుంది, కోడ్ చదివితే హద్దు వస్తుంది. నీ ఆటకి కావలసింది ఒక్కటంటే ఒక్క అంకె. నువ్వేమో హద్దుని పట్టుకుని అంకె అంటున్నావు.

మరిది: సరే, ‘ఎంతకు మించకూడదు’ అని మారుస్తాను. ఒక్క మాటేగా.

వదిన: మార్చు. ఇప్పుడు చెప్పు, ఏ మెట్టు? ఇంటిదైతే 7¾. అదే షాపో ఆఫీసో అయితే ఐబీసీ అని ఇంకో పుస్తకం. అందులో మెట్టు 7కి మించకూడదు, పాదం ఆనేది 11కి తగ్గకూడదు. పోనీ ఇల్లే అనుకుందాం. కొన్ని రాష్ట్రాలు 8¼ దాకా ఒప్పుకుంటూ సవరణలు చేసుకున్నాయి. అక్కణ్ణుంచి వచ్చినవాడు వాళ్ళ ఊరి లెక్కే రాస్తాడు, వాడి తప్పేముంది? ఒక అంకె తేడా వస్తే నీ డబ్బా ఎంత దూరం జరుగుతుంది?

మరిది: ఏ అంకె అన్నదాన్నిబట్టి. మేం డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతు దాకా రాస్తాం. ఉత్తరం 33 డిగ్రీల 9.123 నిమిషాలు అనుకోండి. చివరి 3 ఒకటి అటూ ఇటూ అయితే ఆరడుగుల తేడా. దాని ముందు 2 తప్పితే అరవై అడుగులు. ఆ ముందు 1 తప్పితే ఆరువందలు.

వదిన: ఆరువందల అడుగుల అవతల ఎవరి పెరడుందో! టెక్సాస్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళ పెరట్లో దూరి పొదలు కదిలిస్తే మర్యాదగా పంపిస్తారనుకుంటున్నావా?

మరిది: అందుకే జవాబు సరిచూసుకునే పేజీ ఒకటి జతచేస్తాం వదినా. అంకెలు కొడితే తప్పో ఒప్పో చెప్పేస్తుంది. ఒప్పని తేలాకే బయల్దేరతారు. పైగా అసలు డబ్బా, పైకి చూపించిన చోటుకి రెండు మైళ్ళ లోపే ఉండాలని రూలు. మీరు అనుకుంటున్నంత అడవి ఆట కాదు ఇది.

వదిన: రూళ్ళు ఉన్న ఆటేనన్నమాట. సంతోషం. అయితే ఇంకో ఊరి రూళ్ళు అరువు తెచ్చుకోవడం దేనికి?

మరిది: చెప్తాను. మా ఆటలో పొడుపుకథలంటే ఏముంటాయో తెలుసా? మోర్స్ చుక్కలు, బ్రెయిలీ చుక్కలు, సుడోకులు, ఎవడికీ అక్కర్లేని పాత ప్రోగ్రామింగ్ భాషలు. నాకే మొహం మొత్తింది. ఇల్లు అలా కాదు. అందరూ ఉండేది ఇంట్లోనే. రోజూ ఎక్కే మెట్టు, ఆనుకునే రెయిలింగ్, తీసి మూసే కిటికీ. వాటికో లెక్క ఉందని నూటికి తొంభై మందికి తెలియదు. కంటి ముందున్నదాన్నే పొడుపుకథ చేస్తే తప్పా? ఇంకో తమాషా చెప్తాను. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం, పౌరులకి అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తేడాని తీసేసింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, చోటెక్కడో ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆట అలా పుట్టింది. మీ ఐఆర్‌సీ మొదటి ప్రతి ఎప్పటిది?

వదిన: 2000.

మరిది: చూశారా! ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు.

వదిన: ఒకే ఏడాది పుడితే పెళ్ళి చేసెయ్యాలా? మా పుస్తకం మూడేళ్ళకోసారి కొత్తగా వస్తుంది. 2012 ప్రతిలో ఇంట్లో కనీసం ఒక గది 120 చదరపు అడుగులు ఉండాలంది. 2015లో ఆ మాట ఎత్తేశారు, 70 ఉంటే చాలంది. కరెంటు కోడ్ చూడు. వంటింటి మధ్యలో కట్టే ఐలాండ్ దిమ్మెకి ప్లగ్ పాయింట్ ఉండి తీరాలని 2020 ప్రతి. 2023 ప్రతి అక్కర్లేదంది, తర్వాత కావాలంటే పెట్టుకునే ఏర్పాటు ఉంచితే చాలంది. కొత్త ప్రతి రాగానే అన్ని ఊళ్ళూ ఒక్కసారి మారవు కూడా. రోడ్డుకి ఈ పక్క ఊరు ఒక ఏడాది పుస్తకం, ఆ పక్క ఊరు ఇంకో ఏడాది పుస్తకం పాటిస్తుంటే కాంట్రాక్టర్లే తలలు పట్టుకుంటారు. మీ కాష్‌లు ఎన్నాళ్ళుంటాయి?

మరిది: బాగా చూసుకుంటే పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉన్నవీ ఉన్నాయి.

వదిన: అంటే మూడు నాలుగు పుస్తకాలు మారతాయి. నీ జవాబు మాత్రం అక్కడే కూర్చుంటుంది.

మరిది: ఆ మాటకొస్తే మన ఊళ్ళో వాస్తు ఆయం లెక్క ఎన్ని వందల ఏళ్ళయినా మారలేదు. నాకది భలే నచ్చుతుంది. ఇంటి వైశాల్యాన్ని తొమ్మిదితో హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటైతే ధ్వజాయం, మూడైతే సింహాయం, అయిదైతే వృషభాయం. ఏ ఇల్లు తీసుకున్నా ఒకే ఒక్క అంకె చేతికొస్తుంది. జియోకాషింగ్ కోసమే పుట్టినట్టుంటుంది.

వదిన: తొమ్మిదితోనే హెచ్చవేయాలని ఎవరన్నారు? మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు వచ్చిన సిద్ధాంతిగారు మూడుతో వేశారు. గోడల లోపలి కొలతా, బయటి కొలతా అన్నదాని మీద మేస్త్రికీ ఆయనకీ ఒక పూట రభస. నువ్వెక్కడికి పారిపోయినా ‘ఏ పుస్తకం ప్రకారం’ అన్న ప్రశ్న వెంట వస్తుంది మహానుభావా.

(ఇది నేనూ ఒప్పుకుంటాను. మా ఊళ్ళో మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని అందరూ అంటారు. నేలని మెట్టుగా లెక్కపెట్టాలా వద్దా అన్నదాని మీద ఇద్దరి మాట కలవగా నేను వినలేదు.)

మరిది: సరే, పేజీ మీద ఏ ఏడాది పుస్తకమో, ఏ ఊరిదో రాసేస్తాను. అప్పుడు మారినా బాధ లేదు. ‘2021 ప్రతి ప్రకారం’ అంటే అది ఎప్పటికీ 2021 ప్రతే.

వదిన: రాస్తే సగం గొడవ తీరుతుంది. మిగతా సగం, ఆ పుస్తకం అందరి దగ్గరా ఉంటుందా? నా టేబుల్ మీద ఉంటుంది, నీకు ముద్దొచ్చింది. పాపం, వెతకడానికి వచ్చే నర్సమ్మ, స్కూలు పిల్లాడు ఎక్కణ్ణుంచి తెస్తారు? కొనాలంటే వంద డాలర్ల పైమాటే.

మరిది: ఆ రూలు మాకూ ఉంది. పొడుపుకథ విప్పడానికి కావలసిన సమాచారం జనం అందరికీ అందుబాటులో ఉండాలి. కోడ్ రాసే సంస్థవాళ్ళే తమ సైటులో ఉచితంగా చదువుకోనిస్తున్నారు. అసలు ఈ చదువుకునే హక్కు కోసం పోట్లాడింది మన పక్క ఊళ్ళ గురించే, తెలుసా? పీటర్ వీక్ అనే ఆయన.

వదిన: తెలియకపోవడమేంటి? ఆ కేసు గురించి మా ఆఫీసులో తెలియనివాళ్ళు ఉండరు.

మరిది: అయితే అన్నయ్య కోసం చెప్తాను. ఉత్తర టెక్సాస్ మీద ఒక వెబ్‌సైట్ నడిపేవాడాయన. ఆనా, సవాయ్ అనే రెండు చిన్న ఊళ్ళ బిల్డింగ్ కోడ్ అందులో పెడదామనుకున్నాడు. ఆ ఊళ్ళు చట్టం చేసుకున్నది ఒక ప్రైవేటు సంస్థ రాసిన 1994 నాటి కోడ్. 72 డాలర్లు పెట్టి డిస్కు కొని, ఉన్నదున్నట్టు సైటులో పెట్టేశాడు. కాపీరైటు మాది, తీసెయ్యమని సంస్థ అంది. ఆయనే కోర్టుకెక్కాడు. 2002లో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు పూర్తి బెంచి, చట్టంగా మారాక అది జనం సొత్తేనని వీక్ పక్షాన తీర్పిచ్చింది. ఇప్పుడు ఆనా చుట్టుపక్కల ఎంతమంది తెలుగువాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటున్నారో చూడండి. తమ ఊరి కోడ్ కోసం ఒకాయన కోర్టుకెక్కాడని వాళ్ళలో ఎవరికి తెలుసు? నా కాష్ పేజీలో ఈ కథ రాస్తాను.

వదిన: అది రాయి. అది బాగుంది.

(మా ఆవిడ ఎర్ర పెన్ను మూతపెట్టింది ఇక్కడ ఒక్కచోటే. మళ్ళీ తీయడానికి ఎంతోసేపు పట్టలేదు.)

వదిన: ఈ అయిదో ప్రశ్న ఏంటి? ఇంటి ప్లాన్ గీసి, ‘ఒక్కో గదిలో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టండి, ఆ సంఖ్యే అంకె’ అన్నావు.

మరిది: అది నా ప్రాణం వదినా. మిమ్మల్ని చూసే తట్టింది. మీరు రోజూ చేసే పనే కదా.

వదిన: రోజూ చేస్తాను కాబట్టే చెప్తున్నా. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లని ఒకే ఇంట్లోకి పంపు. తప్పుల లెక్క కలిస్తే నా పేరు మార్చుకుంటాను. మేడమెట్ల పైన తలుపు తీస్తే నిలబడ్డానికి చోటు లేదనుకో. అది తలుపు తప్పా, మెట్ల తప్పా, రెండూనా? నడవా 36 అంగుళాలు ఉండాల్సింది 34 ఉంది, బాత్‌రూమ్ దగ్గరా ఉంది, బెడ్‌రూమ్ దగ్గరా ఉంది. ఒక తప్పా, రెండు తప్పులా? మేం రిపోర్టులో ఇష్టం వచ్చినట్టు కలిపి రాస్తాం, విడదీసి రాస్తాం. కట్టేవాడు సరిచేస్తే చాలు. మాకు లెక్కతో పనిలేదు. నీకు లెక్కే ప్రాణం. ఇది కొట్టేస్తున్నాను.

మరిది: పోనీ, ‘తప్పు ఉన్న గది ఏది’ అని అడిగితే? లెక్క వద్దు, గది నంబరు చాలు.

వదిన: ఆ... అలాగైతే బతుకుతుంది. ఒక్క గదిలోనే, వాదించడానికి వీల్లేని తప్పు పెట్టు. 60 చదరపు అడుగుల బెడ్‌రూమ్. ఎవడూ సాగదీయలేడు.

మరిది: దీన్ని ‘టూ బై ఫోర్’ ప్రశ్న పక్కన పెడతాను. చెక్క పేరు రెండు బై నాలుగు. టేపు పెట్టి కొలిస్తే 1½, 3½. రెండూ కలిపితే ఆరు కాదు, అయిదు.

వదిన: ఆ ప్రశ్నకి అడ్డులేదు. హోమ్ డిపో నడవాలోకి వెళ్ళి ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు. టేపు మీద 19.2 అంగుళాల దగ్గర ఉండే నల్ల డైమండ్ గుర్తు గురించి అడుగు. చాలామంది ఇంట్లో టేపు ఉంటుంది, ఆ గుర్తు ఎందుకో చాలామందికి తెలియదు. ఎనిమిదడుగుల షీటుని అయిదు సమభాగాలు చేస్తే వచ్చే దూరం. ఫ్లోరు కింది దూలాలకి కొందరు ఆ ఎడం వాడతారు. 96ని అయిదుతో భాగించుకోమను, ఏ ఏడాది పుస్తకంతోనూ పనిలేదు.

మరిది: అబ్బా, ఇది నాకు తట్టనేలేదు. మరి కిటికీ ప్రశ్న?

వదిన: ఆ ప్రశ్న చదువు, ఇంకోసారి వింటాను.

మరిది: ‘మేడ మీద బెడ్‌రూమ్ కిటికీ. మంటలు లేస్తే మనిషి దూకాలి. తెరిచినప్పుడు వెడల్పు సరిగ్గా 20 అంగుళాలు. ఎత్తు కనీసం ఎంత ఉండాలి?’ కోడ్‌లో వెడల్పు 20కి, ఎత్తు 24కి తగ్గకూడదని ఉంటుంది. అది చూడగానే అందరూ 24 అని రాసేస్తారు. అక్కడే పడతారు. 20 ఇంటూ 24 అంటే 480 చదరపు అంగుళాలు, 3.33 చదరపు అడుగులు. కోడ్ అడిగే ఖాళీ 5.7 చదరపు అడుగులు. రెండు కనీసాలూ ఒకేసారి పెడితే కిటికీ ఫెయిలు. 5.7 అంటే 820.8 చదరపు అంగుళాలు. ఇరవైతో భాగిస్తే 41. జవాబు 41.

వదిన: 41 పెడితే నేను ఫెయిల్ చేస్తాను.

మరిది: అదేంటి?

వదిన: 20 ఇంటూ 41 ఎంత? 820. కావలసింది 820.8. ముప్పాతిక చదరపు అంగుళం పైన తక్కువొచ్చింది.

మరిది: వదినా! ముప్పాతిక చదరపు అంగుళంలోంచి ఏ మనిషి దూకుతాడు? చాలా పట్టికల్లో 41 అనే వేస్తారు. 820ని 144తో భాగిస్తే 5.69, సవరిస్తే 5.7 అవుతుంది.

వదిన: పట్టికలు వేసేవాళ్ళు సవరించుకుంటారు. పొడుపుకథ వేసేవాడు సవరించుకోకూడదు. సగం మంది 41, సగం మంది 42 రాస్తే ఎవరి పక్షాన తీర్పు చెప్తావు? 41.04 అని రెండు దశాంశాల దాకా అడుగు. నాలుగు, ఒకటి, సున్నా, నాలుగు. ఒక్క కిటికీలోంచి నాలుగు అంకెలు రాలతాయి. కింది అంతస్తు కిటికీకి 5 చదరపు అడుగులు చాలు, ఇరవై వెడల్పుకి సరిగ్గా 36 వస్తుంది. అదింకో రెండు అంకెలు.

మరిది: అంటే ఈ ప్రశ్న మీకు నచ్చినట్టేనా?

వదిన: లెక్క నచ్చింది. దీనివల్ల జనానికి ఏదో ఒరుగుతుందంటే మాత్రం నమ్మను. అంకెలు కూడుకుంటారు, డబ్బా పట్టుకుంటారు, మర్చిపోతారు.

మరిది: మర్చిపోరు. పందెం. అన్నయ్యా, గెస్ట్‌రూమ్ కిటికీ కొలుద్దాం రా.

(వెళ్ళాను. అత్తయ్యగారు ఇండియా నుంచి వస్తే పడుకునే గది అది. కింది అద్దం పైకి లేచే రకం కిటికీ. అద్దం మొత్తం పైకి లేపి, వాడు టేపు అటు పట్టుకుంటే నేనిటు పట్టుకున్నాను. చట్రం నుంచి చట్రం దాకా కాదు, తెరిచాక మనిషి నిజంగా దూరగల ఖాళీ మాత్రమే కొలవాలని మా ఆవిడ గుమ్మంలోంచి అరుస్తూనే ఉంది. వెడల్పు 33, ఎత్తు 25. మొత్తం 825 చదరపు అంగుళాలు. నాలుగు చదరపు అంగుళాల తేడాతో గట్టెక్కింది. కిటికీ అడుగు నేల నుంచి 44 అంగుళాలకి మించకూడదన్నది కూడా చూశాం, చాలా తక్కువలోనే ఉంది. అయితే కిటికీ ముందు ఒక బరువైన డ్రాయర్ల బల్ల ఉంది. మా ఆవిడ ఏమీ అనకుండా దాన్ని ఒకవైపు పట్టుకుంది, మేమిద్దరం రెండోవైపు పట్టుకున్నాం. బల్ల ఎదుటి గోడకి మారింది. ఏళ్ళ తరబడి ప్లాన్లు చూస్తున్న మనిషి ఇంట్లో ఆ కిటికీని టేపు పెట్టి చూసింది ఆ పొడుపుకథ వల్లే. నా దృష్టిలో ఈ వాదంలో తమ్ముడి మాటే నెగ్గింది. ఈ ముక్క ఆవిడ చదువుతుందని తెలిసే రాస్తున్నాను.)

వదిన: సరే, కిటికీ ఉంచుకో. అసలు నా భయం వేరే. ఇళ్ళ గురించి కాష్ అనగానే మీవాళ్ళు కరెంటు డబ్బాల మీద పడతారు. గోడకి అయస్కాంతంతో అంటించిన దొంగ స్విచ్ పలక, స్ప్రింక్లర్ తలలా కనిపించే సీసా, ఎటూ వెళ్ళని కరెంటు పైపు. వీటిని వెతకడం అలవాటైనవాడు ఏం చేస్తాడు? పక్కన ఉన్న నిజం పలక కూడా లాగి చూస్తాడు. పార్కింగ్ లైటు స్తంభం అడుగున తొడుగు ఎత్తితే డబ్బా ఉంటుందట కదా? ఇంట్లో ప్లగ్గులో ఉండేది 120 వోల్టులు. ఆ స్తంభాల్లో 277 ఉండటం మామూలు.

మరిది: తొడుగు కింద వైర్లు ఉండవు వదినా, బోల్టులుంటాయి. వైర్లుండే మూత స్తంభానికి పైన వేరే ఉంటుంది.

వదిన: నీకు తెలుసు. పదేళ్ళ పిల్లాడికి తెలుసా ఏ మూత ఏదో? దొంగ డబ్బా ఎంత నిజంగా కనిపిస్తే అంత గొప్ప అని మీ ఆటలో మెచ్చుకుంటారు. నా ఉద్యోగం అచ్చంగా దానికి వ్యతిరేకం. కరెంటు డబ్బా చూడగానే ముట్టుకోకూడదని తెలియాలి, అందుకే దానికో రూపం, ఓ రంగు. ఆ గుర్తుని ఆటకి అరిగించేస్తే రేపు పిల్లలు దేన్ని చూసి ఆగుతారు?

మరిది: దొంగ స్విచ్ పలక రకం నాకూ గిట్టదు. స్థలం యజమాని అనుమతి ఉండాలి, దేన్నీ పాడుచేయకూడదు అనేవి మొదటి రూళ్ళే. కొందరు పాటించరు, నిజమే. 2011లో ఇంగ్లండులో వెదర్‌బీ అనే ఊళ్ళో కాఫీషాపు ముందు పెట్టిన కాష్ డబ్బాని బాంబనుకుని రోడ్డు మూసి బాంబు స్క్వాడ్ పేల్చేసింది. ఆ తర్వాత అక్కడ ఊళ్ళల్లో పెట్టేటప్పుడు జాగ్రత్త పెరిగింది. నేను కరెంటు జోలికి పోను, మాటిస్తున్నాను. కానీ కాగితం మీద లెక్కలు మాత్రమే ఇస్తే చప్పగా ఉంటుంది. చివర్లో చేత్తో పట్టుకునేది ఏదైనా కావాలి.

వదిన: చేత్తో పట్టుకునేదంటే... నాలుగంగుళాల బంతి.

మరిది: బంతా?

వదిన: మేడ మీదో డెక్ మీదో రెయిలింగ్ ఉంటుంది చూడు. నేల నుంచి 30 అంగుళాలు దాటి ఎత్తుంటే 36 అంగుళాల రెయిలింగ్ ఉండాలి. దాని కమ్మీల సందులోంచి 4 అంగుళాల గుండ్రటి బంతి దూరకూడదు. బంతి దూరితే పసివాడు దూరతాడని లెక్క. కొందరు ఇన్‌స్పెక్టర్లు బండిలో ఆ కొలత బంతి పెట్టుకుని తిరుగుతారు. టేపు తీయరు, సందులో బంతి ఆనిస్తారు. దూరిందా, ఫెయిలు. వాదన లేదు, ఏ పేజీ తిప్పక్కర్లేదు.

మరిది: ఆగండాగండి. చెక్క పెట్టె. ముందు తొమ్మిది సందుల రెయిలింగ్, ఒక్కో సందుకీ ఒక నంబరు. గొలుసుకి కట్టిన బంతి. ఏ నాలుగు సందుల్లో దూరుతుందో ఆ నాలుగు నంబర్లే తాళం అంకెలు! కిటికీ లెక్కా టేపు లెక్కా కాగితం మీద చేసుకుని అక్కడిదాకా వస్తారు, బంతితో తాళం తీస్తారు.

వదిన: చెక్కతో చేశావో, మన టెక్సాస్ వానకి ఉబ్బి సందు బిగుసుకుంటుంది, ఎండకి విచ్చుకుంటుంది. 3⅞ పెట్టిన సందు ఆగస్టులో 4 అవుతుంది. వేసవిలో ఒక తాళం, చలికాలంలో ఇంకో తాళం. అల్యూమినియం పెట్టు. ఫెయిలయ్యే సందులు నాలుగున్నర పెట్టు, పాసయ్యేవి మూడున్నర పెట్టు, మధ్యలో ఏమీ వద్దు. కంటికి తేడా తెలియకుండా ఉండాలంటే వంకర కమ్మీలు వాడు.

మరిది: వదినా, ఇంతసేపూ వద్దన్న మనిషేనా మీరు?

వదిన: ఇప్పుడూ వద్దనే అంటున్నాను, మెట్టు ప్రశ్న గురించి. అది తీసెయ్. ‘ఎంతకు మించకూడదు’ అని మార్చినా సరే. 7¾ని అంకెలుగా ఎలా రాస్తారు? 7.75 రాస్తాడొకడు, 7, 3, 4 రాస్తాడొకడు, మన దేశం నుంచి వచ్చినవాడు 197 మిల్లీమీటర్లు రాస్తాడు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ చదివినవాడైతే ఇంటి మెట్టు 190కి మించకూడదని వాడి పాఠం వాడు అప్పజెప్తాడు.

మరిది: ఈ కాష్ ఆలోచనే ఆ ప్రశ్నతో మొదలైంది, పేరు కూడా దాన్నిబట్టే పెట్టాను...

వదిన: పేరు ఉంచుకో, ప్రశ్న తీసెయ్. కష్టం ఎంతని వేశావు?

మరిది: అయిదుకి రెండు.

వదిన: నాలుగు వెయ్యి. ఈ పెట్టె ఎక్కడ పెడతావు?

మరిది: మా ఇంటి ముందు లాన్‌లో, రోడ్డు వైపు. పోస్టు పాతి దాని మీద. ఇంకో కాష్‌కి 161 మీటర్ల ఎడం ఉండాలి, చూసుకున్నాను, దగ్గర్లో ఏమీ లేవు.

వదిన: గుంత తవ్వకూడదని మీ రూలు కాదూ?

మరిది: యజమాని ఒప్పుకుంటే తవ్వొచ్చు, ఆ సంగతి పేజీలో రాయాలి. యజమానిని నేనే.

వదిన: యజమానివి నువ్వే, కానీ కాలనీ సంఘం, హెచ్‌ఓఏ వాళ్ళూ ఉన్నారు. లాన్‌లో పోస్టు పాతాలంటే వాళ్ళ ఉత్తరం కావాలి. అది వచ్చాక తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యి. డబ్బులు తీసుకోరు. వచ్చి గ్యాసు, కరెంటు, కేబుల్ ఎక్కడెక్కడ వెళ్తున్నాయో నేల మీద రంగు గీతలు గీసి వెళ్తారు.

మరిది: ఒక్క పోస్టుకి 811 ఎందుకు వదినా?

వదిన: గ్యాసు పైపుకి నీది ఒక్క పోస్టేనని తెలియదు.

హెచ్‌ఓఏ ఉత్తరం రావడానికి నెల పట్టింది. 811 వాళ్ళు వచ్చి, వాడు గుర్తు పెట్టుకున్న చోటు పక్కనుంచే పసుపు గీత గీశారు. పసుపంటే గ్యాసు. పోస్టు మూడడుగులు ఇవతలకి జరిగింది. జీపీఎస్ లెక్కలో చివరి అంకెకే ఆరడుగులు కాబట్టి కాగితం మీద దేన్నీ మార్చాల్సిన పని పడలేదు. మెట్టు ప్రశ్న లేదు. పేజీ మొదటి వరుసలో ఊరి పేరు, 2021 ప్రతి అని ఉంది.